బుష్ దొరికితేనే బండికి బతుకు

అరవై ఏళ్లనాటి కారును మళ్లీ రోడ్డెక్కించాలనుకునే మనిషికి అసలు పరీక్ష రంగు దగ్గరో, ఇంజిన్ దగ్గరో ఎదురుకాదు. పిడికిట్లో పట్టే రబ్బరు ముక్క దగ్గర ఎదురవుతుంది. దిల్లీలో కశ్మీరీ గేట్ నుంచి మాయాపురి దాకా సాగే ఆ వేట, మన పాత కార్లు ఇంకెన్నాళ్లు బతుకుతాయో కూడా చెబుతుంది.

స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర ‘టక్’మని చప్పుడు. బ్రేకు తొక్కితే బండి ఓ పక్కకు లాగేయడం. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా కారు రోడ్డు మీద అటూ ఇటూ పోవడం. టైరు ఒక అంచునే అరిగిపోవడం. పాత కారున్న ఇంట్లో ఈ లక్షణాలు తెలియనివారుండరు. మెకానిక్ జాకీ పెట్టి చక్రాన్ని లేపి, రెండు చేతులతో పట్టుకుని ఊపి చూస్తాడు. కిందికి దూరి, ఓ ఇనుప రాడ్డుతో సస్పెన్షన్ ఆర్మ్‌ను పక్కకు నెడతాడు. ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడు వినబడగానే తేల్చేస్తాడు: బుష్‌లు పోయాయి.

కొత్త కారుకైతే ఇది పెద్ద విషయం కాదు. షోరూముకు ఫోన్ చేస్తే సాయంత్రానికి కొత్తవి వేసిస్తారు. 1960ల నాటి అంబాసిడర్‌కో, ఫియట్‌కో, స్టాండర్డ్ హెరాల్డ్‌కో అయితే అసలు కథ అక్కడే మొదలవుతుంది. రంగు వేసేవాళ్లున్నారు, సీట్లు కుట్టేవాళ్లున్నారు, బంపర్లకు క్రోమ్ పూత పెట్టేవాళ్లున్నారు. అవన్నీ చేతిపనులు. బుష్ మాత్రం కర్మాగారంలో పుట్టాల్సిన వస్తువు. ఆ కర్మాగారం మూతపడిందంటే దిక్కు తోచదు.

కనబడని కీలు

సస్పెన్షన్ ఆర్మ్‌ను ఛాసిస్‌కు తగిలించిన చోట, కమాను కట్టల చివరి కళ్లలో, షాక్ అబ్జార్బర్ కొసల్లో ఈ బుష్‌లు ఉంటాయి. మన మోకాలి కీలులో రెండు ఎముకలు ఒరుసుకోకుండా మృదులాస్థి ఏ పని చేస్తుందో, కారులో బుష్ అదే చేస్తుంది. చక్రాన్ని కదలనిస్తుంది, కానీ కదలాల్సిన దారి తప్పనివ్వదు. గుంతలో పడ్డ దెబ్బను తాను మింగి, లోపల కూర్చున్నవారి దాకా రానివ్వదు.

మెకానిక్‌లు ‘సైలెంట్ బ్లాక్’ అని పిలిచే రకాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. బయట ఓ ఉక్కు గొట్టం. లోపల దానికన్నా కాస్త పొడవైన సన్న గొట్టం. రెండింటి మధ్యా గట్టిగా పట్టేసుకున్న రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్ కన్నంలో బిగుసుకుంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు ఛాసిస్‌కు కదలకుండా పట్టేస్తుంది. చక్రం లేచినా దిగినా అక్కడ ఏదీ జారదు. మధ్యలోని రబ్బరు మెలిపడి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. గ్రీజు పెట్టే పనిలేదు, కిర్రుమనే బాధలేదు.

ఆ రబ్బరుకు శత్రువులు చాలామందే. సహజ రబ్బరుకు ఇంజిన్ ఆయిల్ పడదు. ఆయిల్ కారే బండి కింద అది ఉబ్బి మెత్తబడిపోతుంది. సాగి ఉన్న రబ్బరును గాలిలోని ఓజోన్ సన్నగా పగులగొడుతుంది. వేసవిలో దిల్లీ గాలిలో ఓజోన్ పెరగడం ఏటా వార్తల్లో చూస్తున్నదే. పైగా షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా నిలబెట్టిన బండి బరువంతా అవే బుష్‌ల మీద, ఒకే చోట పడుతుంది. నడిపినా నడపకపోయినా వయసు మీద పడే భాగమిది.

కశ్మీరీ గేట్ గల్లీల్లో

దిల్లీలో మోటారు విడిభాగమంటే ముందుగా నోటికొచ్చే పేరు కశ్మీరీ గేట్. షాజహాన్ కట్టించిన నగరానికి ఉత్తర ద్వారమిది. 1857లో తిరుగుబాటు సైన్యాలకూ బ్రిటిష్ సైన్యానికీ హోరాహోరీ పోరు జరిగిన చోటు. ఇప్పుడు మెట్రో ఎర్ర, పసుపు, ఊదా రంగు మార్గాలు మూడూ కలిసే స్టేషన్. దాని పక్కనే ఉత్తర భారతమంతటికీ సరుకు పంపే ఆటో విడిభాగాల టోకు బజారు ఉంది. మన విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో తిరిగినవారికి ఈ వాతావరణం కొత్తేమీ కాదు. ఇరుకు గల్లీలు, పైకప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు, రిక్షాల్లో కదిలే మూటలు. ఒక్కో కొట్టుకు ఒక్కో సరుకు. క్లచ్ ప్లేట్లవాడు బ్రేకుల జోలికి పోడు, రబ్బరు సామానువాడు ఇనుము ముట్టుకోడు.

ఇక్కడ కారు పేరు చెప్పినంత మాత్రాన పని జరగదు. ఎదురొచ్చే ప్రశ్న ఒక్కటే: ‘సాంపుల్ లాయే హో?’ నమూనా తెచ్చావా అని. పాత బుష్ గల్లా మీద పెడితే కొట్టు యజమాని దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తాడు. ఒక్కోసారి చూపుతోనే ఇది ఫలానా బండిదని చెప్పేసి లోపలి అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా తీస్తాడు. ఒక్కోసారి ఫలానా గల్లీలో ఫలానా పెద్దాయనను అడగమంటాడు. ఏ కంప్యూటర్‌లోనూ లేని జాబితా అది. అంబాసిడర్, ఫియట్ సామాను అమ్మిన తరం ఒక్కరొక్కరుగా తప్పుకుంటున్న కొద్దీ ఆ జాబితా కూడా చెరిగిపోతోంది.

ఇంకో దారి పశ్చిమ దిల్లీలోని మాయాపురి. 1970ల్లో మోతియాఖాన్ నుంచి తరలించిన పాత ఇనుము వ్యాపారులతో పెరిగిన బజారిది. ఇక్కడ ఆర్మ్‌లు, కమాను కట్టలు, షాకిల్ పట్టీల వంటి ఇనుప భాగాలు దొరకొచ్చు. బుష్ మాత్రం ఇక్కడ కొనడానికి కాదు, నమూనాకే. వాడేసిన రబ్బరును మళ్లీ బిగించుకోకూడదు. కానీ దాని ఉక్కు గొట్టాలు రెండూ చెక్కుచెదరకుండా ఉంటే, కొత్తది చేయించుకోవడానికి అంతకు మించిన పటం ఉండదు.

కశ్మీరీ గేట్‌లో కంపెనీ ముద్ర ఉన్న అసలు డబ్బా, ఎప్పటిదో పాత స్టాకు దొరికితే చాలామందికి ఆనందం పట్టలేనంతగా ఉంటుంది. అక్కడే జాగ్రత్తపడాలి. ఇనుప భాగానికి పాత స్టాకు వరమే. రబ్బరు మాత్రం డబ్బాలో కూర్చున్నా ముసలిదవుతుంది. గోరుతో నొక్కితే దిగకపోయినా, వంచితే సన్నటి పగుళ్లు కనబడినా దాన్ని నమూనాగా దాచుకోవాలి తప్ప బండికి వేయకూడదు.

ముత్తాత బండికి సులువు, తాత బండికి కష్టం

ఈ వేటలో బయటి మనిషి ఊహించని విషయమొకటుంది. బండి ఎంత పాతదైతే బుష్ అంత సులువు.

దిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక శకటముంది. ఇంగ్లండ్‌లో తయారై, మన నిజాం స్టేట్ రైల్వే కొనుక్కున్న బండి అది. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో దిల్లీలో మొదలుపెట్టిన వింటేజ్ కార్ల ర్యాలీలో పాల్గొంటూ వచ్చింది. నిజాం రైల్వే చరిత్రలో ఓ ముక్క దేశ రాజధాని వీధుల్లో ఇంజిన్ మోతతో కదలడం తెలుగువారు గర్వంగా చెప్పుకోదగ్గ దృశ్యం.

ఆ కాలపు మోటారు బండ్లకు నాలుగు చక్రాల దగ్గరా కమాను కట్టలే. వాటి కళ్లలో సాధారణంగా కంచు బుష్, దాని మధ్య ఉక్కు పిన్, పైన గ్రీజు పెట్టే చోటు. బుష్ అరిగిందనుకోండి. మంచి లేత్ ఆపరేటర్ కంచు కడ్డీ బిగించి, పిన్ కొలత చూసుకుని, కొత్త బుష్ తోడేస్తాడు. నూరేళ్ల కిందట ఏ కొలతతో చేశారో అదే కొలతతో, అదే లోహంతో. కర్మాగారంతో పనిలేదు, కంపెనీ దయ అక్కర్లేదు.

ఆ తర్వాతి తరంలో చక్రానికి చక్రం విడిగా కదిలే సస్పెన్షన్లు, వాటితోపాటు రబ్బరు బుష్‌లు వచ్చాయి. ప్రయాణం మెత్తబడింది, గ్రీజు గన్ అవసరం తగ్గింది. కానీ రబ్బరును లేత్ మీద తోడలేం. దానికి అచ్చు కావాలి, పాళ్లు తెలిసి కలిపిన కాంపౌండ్ కావాలి, వేడి కావాలి, ఒత్తిడి కావాలి, లోహానికి రబ్బరు అంటుకునే రసాయనం కావాలి. ఫలితంగా నిజాం కాలపు బండికి ఒక పూటలో అయ్యే పని, నెహ్రూ కాలపు బండికి నెలలు పడుతుంది.

ట్యాక్సీ ఉన్నన్నాళ్లే

అయితే అన్ని కార్లదీ ఒకే కష్టం కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై, 2014 మేలో ఉత్తరపారా కర్మాగారం ఆగిపోయేదాకా తయారైంది. ముందు చక్రాలకు మెలిపడి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్లు, వెనక కమాను కట్టలు. అన్ని దశాబ్దాలు తయారైన కారు కాబట్టి దాని బుష్‌లు కశ్మీరీ గేట్‌లో ఇప్పటికీ దొరికే అవకాశముంది. నాణ్యతే ఎంచుకోవాలి.

స్టాండర్డ్ హెరాల్డ్ కథ వేరు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి చేసిన ఈ చిన్న కారు మన దగ్గర అరుదైపోయింది. కానీ దాని మాతృక ట్రయంఫ్ హెరాల్డ్. ఆ ఛాసిస్ మీదే పుట్టిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకు బ్రిటన్‌లో ఇప్పటికీ అభిమానులు వేలల్లో ఉన్నారు. ముందు సస్పెన్షన్ రెండింటికీ దాదాపు ఒకటే. అందుకే దిల్లీలో దొరకని హెరాల్డ్ ముందు బుష్ ఇంగ్లండ్ నుంచి పార్సిల్‌లో రావచ్చు. మన కారుకు బుష్ కావాలంటే ముందు దాని విదేశీ చుట్టాలెవరో తెలుసుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

రానున్న రోజుల్లో కష్టాలు ఎక్కువయ్యేది ఫియట్‌కు. 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా, తర్వాత ప్రీమియర్ పద్మినిగా మన రోడ్ల మీద తిరిగిన కారది. దాని విడిభాగాల పరిశ్రమను ఇన్నాళ్లూ నిలబెట్టింది ముంబయి ట్యాక్సీలే. నల్లరంగు మీద పసుపు కప్పు ఉన్న ఆ ఆఖరి పద్మిని ట్యాక్సీ కాలపరిమితి 2023 అక్టోబరు చివర ముగిసిపోయింది. ట్యాక్సీవాలా నెలనెలా కొనే సరుకు ఆగిపోతే, అచ్చు వేసేవాడు అచ్చును పక్కన పెట్టేస్తాడు. కొన్నాళ్లకు దాన్ని తుక్కుకు అమ్మేస్తాడు. కోల్‌కతా పసుపు అంబాసిడర్లదీ అదే దారి. అక్కడ 15 ఏళ్ల పరిమితి ఇలాగే కొనసాగితే, 2014లో కర్మాగారం నుంచి వచ్చిన చివరి బండ్లకు కూడా 2029లో గడువు తీరిపోతుంది. పాత కార్ల ప్రేమికులు ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. వారి ముచ్చటను ఇన్నాళ్లూ మోసింది ట్యాక్సీ డ్రైవర్ల రోజువారీ బతుకు. ఆ అండ పోతోంది కాబట్టి ఇకపై వారే పూనుకోవాలి.

కొలత తప్పితే అంతా తప్పే

బుష్ దొరకనప్పుడు చేయించుకోవాల్సిందే. చేయించాలంటే కొలవాలి. ఇక్కడ తొందరపడినవారే ఎక్కువగా నష్టపోతారు.

వెర్నియర్ కాలిపర్ పట్టుకుని నాలుగు కొలతలు తీయాలి. బయటి గొట్టం బయటి వ్యాసం, లోపలి గొట్టం లోపలి వ్యాసం, బయటి గొట్టం పొడవు, లోపలి గొట్టం పొడవు. రబ్బరు మాత్రమే ఉండే రకమైతే పాత బుష్‌ను కొలిచి లాభం లేదు, అది ఉబ్బో అణిగో ఉంటుంది. అది కూర్చునే కన్నాన్ని, మధ్యలో దూరే పిన్నును కొలవాలి. కన్నాన్ని ఎమరీ కాగితంతో తుప్పు పోయేదాకా రుద్దాకే కాలిపర్ పెట్టాలి. ఒకచోట కొలిచి ఊరుకోకుండా అడ్డంగా, నిలువుగా కూడా చూడాలి. కన్నం గుండ్రతనం తప్పి కోలగా అరిగి ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

తర్వాతి చిక్కు అంగుళాలది. మోరిస్ సంతతి కార్ల కొలతలు అంగుళాల్లో పుట్టాయి, ఫియట్‌వి మిల్లీమీటర్లలో. ఐదు బై ఎనిమిది అంగుళాలంటే 15.875 మిల్లీమీటర్లు. దాన్ని 16 అని రాసుకుంటే తేడా 0.125 మిల్లీమీటరే. కానీ ఆ కాస్త సందులోనే బోల్టు ఆడుతుంది. కొత్త బుష్ వేసిన మర్నాటి నుంచే పాత చప్పుడు మళ్లీ మొదలవుతుంది. అంకెను దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దేసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

కొలత కుదిరాక గట్టిదనం చూసుకోవాలి. రబ్బరు గట్టిదనాన్ని ‘షోర్ ఏ’ కొలమానంలో చెబుతారు. సస్పెన్షన్ బుష్‌లు సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటాయి. మరీ మెత్తగా ఉంటే చక్రం దారి తప్పుతుంది, మరీ గట్టిగా ఉంటే ప్రతి గులకరాయీ నడుముకు తెలుస్తుంది. పాత రబ్బరు పొడి కలిపి చేసే చవక బుష్‌లు పైకి నల్లగా నిగనిగలాడతాయి కానీ మెలిపడే శక్తి వాటికి ఉండదు. దిల్లీ చుట్టూ ఫరీదాబాద్, నోయిడా, గురుగ్రామ్‌లలో రబ్బరు విడిభాగాలు చేసే యూనిట్లకు కొదవలేదు. కొదవ ఆర్డరుకే. ఒక్క కారుకు సరిపడా నాలుగైదు బుష్‌ల కోసం అచ్చు తయారుచేయడం ఎవరికీ గిట్టదు. ఒకే మోడల్ యజమానులు పదిమంది కలిసి చేయించుకుంటే అచ్చు ఖర్చు పంచుకోవచ్చు, మిగిలినవి తర్వాతివారికి దాచవచ్చు.

పాలీయూరిథేన్ బుష్‌ల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 1937లో జర్మనీలో ఒటో బేయర్ బృందం కనిపెట్టిన పదార్థమది. ఆయిల్‌కు లొంగదు, త్వరగా అరగదు, చిన్న మోతాదులో అచ్చుపోయడమూ సులువే. కానీ రబ్బరులా మెలిపడకుండా పిన్ను మీద జారుతుంది. తగిన గ్రీజు లేకపోతే కిర్రుమంటుంది, కుదుపును మరింతగా లోపలికి పంపుతుంది. రోజూ నడిపే బండికి దాన్ని ఎంచుకుంటే తప్పులేదు. పుట్టినప్పుడు ఎలా నడిచిందో అలాగే నడవాలనుకునే బండికి రబ్బరే సరైనది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా మూలపదార్థానికి, మూలపద్ధతికి వీలైనంత దగ్గరగా ఉండమనే చెబుతుంది.

ఇంత కష్టపడి తెచ్చిన బుష్ బిగింపులో పాడైపోవడం మరీ బాధాకరం. సుత్తితో కొట్టకుండా ప్రెస్‌తో నొక్కి ఎక్కించాలి. జారడానికి ఆయిల్ కాకుండా సబ్బునీళ్లు వాడాలి. సైలెంట్ బ్లాక్ అయితే బోల్టును చివరిసారి బిగించాల్సింది కారు నాలుగు చక్రాల మీద నేల మీద నిలబడ్డాకే. జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పటికీ అదే మెలికలో ఉండిపోయి, తొందరగా చిరిగిపోతుంది. అంబాసిడర్ టార్షన్ బార్‌లో బిగిసి ఉన్న బలం మనిషిని గాయపరచగలదు. దాన్ని సడలించే పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించాలి.

చట్టం కళ్లలో పదిహేనుకూ యాభైకీ మధ్య

దిల్లీలో పాత కారు మాటెత్తితే చట్టాన్ని పక్కన పెట్టలేం. 15 ఏళ్లు దాటిన వాహనాలు రాజధాని రోడ్ల మీద తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 నవంబరులో ఆదేశించింది. డీజిల్ వాహనాలకు 2015లో ఆ పరిమితి పదేళ్లయింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఇదే బాట పట్టింది. ఊపిరాడని నగరంలో గాలి కోసం తీసుకున్న నిర్ణయమిది, దాని వెనకున్న బాధను కాదనలేం.

మరోపక్క 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, పునరుద్ధరణకు 5,000. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి.

ఈ రెండింటి మధ్య పెద్ద ఖాళీ మిగిలిపోయింది. 1985 నాటి అంబాసిడర్ దిల్లీ రోడ్డుకు మరీ ముసలిది, వింటేజ్ నంబరుకు మరీ చిన్నది. పదిహేనుకూ యాభైకీ మధ్య ముప్పై అయిదేళ్లు అది షెడ్డులో కూర్చోవాలి, లేదా తుక్కుకు పోవాలి. కార్లు తుక్కుకు పోతే విడిభాగాలకు గిరాకీ పోతుంది, గిరాకీ పోతే అచ్చులు పోతాయి. యాభై ఏళ్లు నిండి చట్టం ‘రా’ అనేసరికి బండికి వేయడానికి బుష్ ఉండదు. గౌరవించాలనుకున్న వారసత్వాన్ని విడిభాగం కరువే మింగేస్తుంది.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు యజమానికి అందాయి. గురుగ్రామ్‌లో తయారై, మన మధ్యతరగతి ఇళ్ల ముందు నిలబడ్డ కారది. తయారీ 2014లో ఆగింది. 2033 డిసెంబరుకు ఆ తొలి కార్లకు యాభై ఏళ్లు నిండుతాయి. అంబాసిడర్ విషయంలో చేసిన ఆలస్యాన్ని మారుతి విషయంలోనూ చేస్తే, మన పిల్లలకు చూపించడానికి కదలని కారే మిగులుతుంది.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. తయారీ ఆపేసిన మోడళ్ల విడిభాగాల డ్రాయింగులను కంపెనీలు బయటపెట్టాలి. గురుగ్రామ్ దగ్గర తావ్‌డూలో 2013 నుంచి నడుస్తున్న హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం లాంటి సంస్థలు కార్లతోపాటు వాటి బుష్‌ల కొలతలు, నమూనాలు, రబ్బరు గట్టిదనం వివరాలు కూడా భద్రపరచాలి. దిల్లీలో, హైదరాబాద్‌లో ఉన్న పాతకార్ల సంఘాలు మోడల్‌వారీగా కలిసి ఆర్డర్లు ఇచ్చి, అచ్చులను ఉమ్మడి ఆస్తిగా ఉంచుకోవాలి. కశ్మీరీ గేట్, రాణిగంజ్, ఆటోనగర్‌లలోని పెద్దవాళ్లకు తెలిసిన ఏ బండికి ఏ బుష్ అనే జ్ఞానాన్ని, వాళ్లుండగానే కాగితం మీద పెట్టాలి.

మీ ఇంటి షెడ్డులో నాన్నగారి ఫియటో, తాతగారి అంబాసిడరో ఉంటే మీరు చేయగలిగింది ఒకటుంది. మెకానిక్ విప్పిన పాత బుష్‌లను చెత్తలో వేయనివ్వకండి. తుడిచి, కొలిచి, ఏ బండిది, ఏ చోటిది, కుడిదా ఎడమదా అని చీటీ రాసి, వాటితోపాటు సంచిలో పెట్టి దాచండి. కొత్తది చేయించడానికి రేపు మీకో, అదే బండి ఉన్న మరొకరికో దొరికే ఒకే ఒక్క ఆధారం అదే కావచ్చు.